తోటపని: ఉట్టిలో చేమంతి

బాలలూ! కృష్ణాష్టమినాడు కొట్టే ఉట్టి మీకు తెలుసు గదా. పిల్లికి అందకుండా పాలూ, పెరుగూ దాచుకునే ఆ ఉట్టిలో ఈసారి పూలమొక్క పెంచుదాం. పండుగ కాగానే, భాద్రపదంలో పని మొదలుపెడితే చలికాలంలో పూలు చూడవచ్చు.

వెడల్పు మూతిగల మట్టికుండ తీసుకుని, అడుగున చిల్లు వేయించండి. చిల్లుమీద ఒక పెంకు బోర్లించండి. నీరు పోతుంది, మట్టి పోదు. నీరు నిలిస్తే గాలి అందక వేళ్లు కుళ్లిపోతాయి. తోటమట్టి, మాగిన పెంటఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి నింపండి. వేరు తొడిగిన చేమంతి పిలకను అందులో నాటండి. అది జానెడు పెరగగానే చివర గిల్లితే, పక్కకొమ్మలు వచ్చి గుబురవుతుంది. మొగ్గ వేసే కాలంలో మాత్రం గిల్లకూడదు.

కుండను కొబ్బరితాళ్ల ఉట్టిలో పెట్టి, ఎండ తగిలేచోట పెద్దవాళ్లచేత కట్టించండి. తడిమట్టి చాలా బరువు! వేలాడే కుండకు అన్నివైపులా గాలి తగిలి, తడి త్వరగా ఆరిపోతుంది. అందుచేత రోజూ మట్టిని వేలితో తాకి చూసి, ఆరితే నీళ్లు పోయండి. అనంతసాగరం ప్రాంతంలో ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఈశాన్య ఋతుపవనాలవల్ల వానలు పడతాయి. జోరువాన పడితే ఉట్టిని చూరుకిందికి మార్చాలి.

ఇక అసలు సంగతి. ఇద్దరు స్నేహితులు ఒకేరోజున, ఒకేరకం పిలకలు నాటారనుకోండి. ఒకరి ఉట్టినిండా పూలు. రెండవవారి ఉట్టినిండా ఆకులే! నీళ్లకూ, ఎరువుకూ లోటు లేదు. మరి లోపం ఎక్కడ? ఆ రెండవ ఉట్టి పక్కనే రాత్రంతా విద్యుద్దీపం వెలుగుతున్నది!

చేమంతి రాత్రి పొడుగును కనిపెడుతుంది. రాత్రులు పొడుగైనప్పుడే మొగ్గ తొడుగుతుంది. పక్కన దీపం వెలిగితే దానికి రాత్రి పొట్టిదైనట్టే.

1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఈ రహస్యాన్ని ప్రకటించారు. వారికి దారి చూపినది ఒక పొగాకు మొక్క. వేసవిలో అది పూయకుండా పెరుగుతూనే ఉండేది. రోజూ కొన్ని గంటలు చీకటిగదిలో పెట్టగా వేసవిలోనే పూసింది! పగటి పొడుగే దీనికి కారణమని వారు తేల్చారు. ముఖ్యమైనది ఎడతెగని చీకటి అని తరవాతివారు కనుగొన్నారు.

నమ్మకం కలగకపోతే మీరే రెండు ఉట్లు కట్టి చూడండి. ఒకటి దీపం దగ్గర, ఒకటి చీకట్లో. పూవుకు ఎండ ఎంత అవసరమో, రాత్రి కూడా అంతే అవసరమని చేమంతే మీకు చెబుతుంది.