మంట లేని కాల్పు

పిల్లలూ! మీ ఇంట్లో బీరువా అడుగునో, బల్ల సొరుగులోనో అద్దంలా మెరిసే గుండ్రని బిళ్ళలు కొన్ని పడివుండవచ్చు. అవి సీడీలు. వాటి మీద బొమ్మలూ, పాటలూ ఎక్కించటాన్ని ఇంగ్లీషువాళ్ళు "కాల్చటం" అనే అంటారు. కాని పొగ రాదు, మంట రాదు. మరి కాలేదేమిటి?

సీడీ వెడల్పు 12 సెంటీమీటర్లు. మనం ఇంట్లో రాసుకునే సీడీలో ప్లాస్టిక్కు మీద పల్చని రంగుపూత, దాని మీద మెరిసే లోహపు పూత వుంటాయి. కంటికి కనిపించని లేజరు కిరణం ఆ రంగును చుక్కలు చుక్కలుగా వేడి చేస్తుంది. వేడి తగిలిన చోట రంగు మారిపోయి, వెలుతురును సరిగా తిప్పికొట్టదు. చదివేటప్పుడు ఆ కిరణమే బలం తగ్గించుకుని వచ్చి, ఎక్కడ మెరుపు, ఎక్కడ మసక అని చూసుకుంటూ పోతుంది. మాడిన అప్పడం మళ్ళీ పచ్చిది కాదు గదా! ఈ రంగూ అంతే. ఒకసారి రాసింది చెరపలేము. (చెరిపి రాయదగిన రకం వేరే వున్నది. అందులో రంగుకు బదులు మిశ్రమ లోహం వుంటుంది.)

ఈ రాత జిలేబీ చుట్టలా మధ్య నుంచి అంచుకు పోతుంది. చుట్ట విప్పి పరవగలిగితే 5 కిలోమీటర్లకు పైగా వస్తుంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ దగ్గర ఒక కొస పట్టుకుంటే, రెండో కొస గచ్చిబౌలి దాకా పోతుంది! పిండి ధార ఆగితే జిలేబీ తెగినట్టే, పాత యంత్రాలలో కంప్యూటరు నుంచి సమాచారం కాస్త ఆగినా సీడీ దండగయ్యేది. తరువాతి యంత్రాలు ఆగిన చోటు నుంచే మళ్ళీ అందుకోవటం నేర్చాయి.

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయినది. ఆ రోజుల్లో ఇళ్ళకు ఇంటర్నెట్టు టెలిఫోను తీగ మీద నత్తలా వచ్చేది. సీడీకి పట్టే 700 మెగాబైట్ల సమాచారం తెచ్చుకోవాలంటే, 56 కిలోబిట్ల మోడెము ఆగకుండా పనిచేసినా సుమారు 28 గంటలు! అందుచేత లినక్సు కావలసినవారు ఒకరి సీడీకి మరొకరు నకలు తీసుకునేవారు. లినక్సు అంటే కంప్యూటరును నడిపించే ఏర్పాటు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టగా లోకమంతా కలిసి పెంచినది. దానికి నకలు తీసి పంచితే దొంగతనం కాదు. పంచుకోవచ్చునని దాని ఒప్పందంలోనే వున్నది. హైదరాబాదులో 2005లో మొదలయిన స్వేచ్ఛ సంస్థ దాన్ని తెలుగు మాటలతో తయారుచేసింది. పిల్లల కోసం బాలస్వేచ్ఛ అని కూడా ఒకటి వున్నది.

లినక్సును సీడీకి ఎక్కించటంలో ఒక కిటుకున్నది. అది "ఐఎస్ఓ" అనే ఒకే మూటగా వస్తుంది. ఆ మూటను వున్నదున్నట్టు సీడీలో పెడితే, దానితో కంప్యూటరు లేవదు. బొమ్మల పెట్టెను మూత తీయకుండా మెట్టు మీద పెట్టి, ఇదే బొమ్మల కొలువు అన్నట్టుంటుంది! బ్రసెరో, కె3బి వంటి లినక్సు పనిముట్లలో "ఇమేజ్" రాయమన్నచోట నొక్కితే, బొమ్మలన్నీ వాటివాటి మెట్ల మీదికి చేరుతాయి. రాశాక సరిచూడమనే గడి కూడా వుంటుంది. పెద్దవాళ్ళు తొందరలో దాన్ని వదిలేస్తారు. మీరు వదలవద్దు.

ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి సీడీ పెట్టే చోటే లేదు. కాని ఆ బీరువాలోని బిళ్ళల్లో మీ అమ్మానాన్నల పెళ్ళి ఫొటోలు వుండవచ్చు. ఎండా, వేడీ తగిలితే రంగు మెల్లగా చెడుతుంది. బిళ్ళ పైకి మెరుస్తూనే వుంటుంది, లోపలి రాత పోతూ వుంటుంది. తీగతో తగిలించే సీడీ పెట్టె ఒకటి ఎవరినయినా అడిగి తెచ్చుకుని, ఈ సెలవుల్లోనే నకలు తీయమని నాన్నగారితో చెప్పండి. బిళ్ళ మొరాయిస్తే లినక్సులో డీడీరెస్క్యూ అనే పనిముట్టున్నది. అది పరీక్షలో తెలివైన కుర్రవాడిలాంటిది. వచ్చిన లెక్కలన్నీ ముందు చేసేసి, రానివాటి దగ్గరికి తరువాత తిరిగి వస్తుంది.

బిళ్ళను తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పరాదు. అడ్డగీత పడితే ఒక్కొక్క చుట్టలో కొంచెమే పోతుంది, దాన్ని యంత్రం లెక్కకట్టి పూరించుకుంటుంది. చుట్ట వెంబడి గీత పడితే ఒకేచోట చాలా పోతుంది, అది యంత్రానికి కూడా చేతకాదు. పేరు రాసే పైవైపు ఇంకా సుకుమారం. మెరిసే పూతకు అక్కడ పల్చని వార్నీషు పొర ఒక్కటే అడ్డం. దాని మీద బాలుపెన్నుతో రాయకండి!