అట్టపెట్టెలు పారేయకండి

2011 వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో తొమ్మిదేళ్ల కేన్ మన్రాయ్, వాళ్ల నాన్న కారు విడిభాగాల కొట్లో పోగుపడ్డ అట్టపెట్టెలతో సొంతంగా ఆటల అంగడి కట్టాడు. ఎవరైనా గెలిస్తే తనే పెట్టెలోకి దూరి, లోపలి నుంచి టికెట్లు బయటికి తోసేవాడు. రెండు డాలర్ల పాస్ కొంటే 500 ఆటలు. దొంగ పాసులు చెల్లకుండా ఆటల దగ్గర క్యాలిక్యులేటర్లు పెట్టాడు. పాస్ మీది అంకె కొట్టి వర్గమూలం మీట నొక్కితే, వెనక రాసిన అంకె రావాలి! మరుసటి ఏడాది నిర్వాన్ ముల్లిక్ తీసిన చిన్న సినిమాతో ఈ అంగడి సంగతి లోకమంతా తెలిసింది.

ఆ కుర్రాడికి ఎవరూ కిట్ కొనివ్వలేదు. కిట్‌లో ఏ ముక్క ఎక్కడ పెట్టాలో ముందే రాసి ఉంటుంది. ఖాళీ పెట్టెతో అయితే ఏం కట్టాలన్న దగ్గరే ఆలోచన మొదలవుతుంది.

మన దేశంలో ఈ దారి పట్టినవారు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కో కంపెనీలో ఇంజినీరుగా చేస్తూ, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడుల సైన్సు కార్యక్రమానికి వెళ్లారు. అక్కడ ఆయన పిల్లలతో చేయించినదిది: సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కకు రెండు వైపులా అగ్గిపుల్లలు గుచ్చితే కీలు తయారు. అలా నాలుగు పుల్లలతో చేసిన చతురస్రాన్ని వేలితో నొక్కండి, పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. చతురస్రానికి మూల నుంచి మూలకు కాస్త పొడవాటి పుల్ల బిగిస్తే అదీ నిలబడుతుంది. ఇనుప వంతెనల్లో అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో ఆ పిల్లలకు ఇక వేరే చెప్పక్కర్లేదు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి.

మనలో చాలామంది చిన్నప్పుడు ముంజెలు తినేసిన తాటికాయలతో బండి చేసినవాళ్లమే. ఇరుసు పుల్ల కాయకు సరిగ్గా నడిమిన పడకపోతే బండి కుంటేది. తప్పు ఎక్కడుందో బండే చెప్పేది, మనమే పుల్ల తీసి మళ్లీ గుచ్చేవాళ్లం. అదే మనం, సైన్స్ ఫెయిర్ ముందురోజు రాత్రి పిల్లల చేతిలోంచి జిగురు సీసా లాక్కుని ప్రాజెక్టు పూర్తి చేసేస్తున్నాం. దయచేసి ఆ పని చేయకండి. కట్టర్ మాత్రం మన చేతిలో ఉంటే చాలు. పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడండి. వంచు, గుచ్చు, బిగించు, విప్పు లాంటి మాటలు పనితోపాటే వాళ్ల నోటికి వస్తాయి.

వచ్చే సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లు పిల్లలనే అట్టపెట్టెలతో కట్టనివ్వండి. అట్ట లోపలి ముడతల గీతలు నిలువుగా ఉంటే బరువు ఎక్కువ మోస్తుందని, అడ్డంగా ఉంటే కుంగుతుందని ఇత్తడి బొమ్మ పెట్టగానే తెలిసిపోతుంది. కొలువు ఫొటోలు మన పత్రికకు పంపండి. కూలిన మెట్లవి కూడా వేస్తాం, ఎందుకు కూలాయో పిల్లలే రెండు ముక్కలు రాసి పంపితే.