హామీపత్రం మనకేనా?

ఉగాదో, దీపావళో దగ్గర పడుతోందంటే చాలు, మన పత్రికల్లో కథల పోటీ ప్రకటనలు మొదలు. మొదటి బహుమతి ఇంత, రెండోది ఇంత, ప్రోత్సాహక బహుమతులు ఇన్ని. కింద చిన్న అక్షరాల్లో నిబంధనలు. నా గొడవంతా ఆ చిన్న అక్షరాలతోనే.

కథ మన సొంతమనీ, అనువాదమో అనుసరణో కాదనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, బ్లాగుల్లోనూ వాట్సాప్‌లోనూ రాలేదనీ, ఇంకే పత్రిక పరిశీలనలోనూ లేదనీ హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. బానే ఉంది. మరి వాళ్ళ హామీ? "ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు." అంతే!

నాలుగేళ్ళ కిందట ఓ పోటీకి కథ పంపాను. ఫలితాలొచ్చాయి, నా పేరు లేదు. బాధేం లేదు అంటే అబద్ధం, రెండ్రోజులు అన్నం సయించలేదు. సరే, కథ సంగతేమిటని మెయిలు రాశాను. జవాబు లేదు. మూణ్ణెల్లాగి మళ్ళీ రాశాను. ఉలుకూ పలుకూ లేదు. పదకొండో నెలలో విసుగొచ్చి ఇంకో పత్రికకి పంపాను. వాళ్ళు వారంలోనే వేసుకుంటామన్నారు. ఆ సంచిక రాకముందే మొదటివాళ్ళు అదే కథని "సాధారణ ప్రచురణ" కింద అచ్చేసేశారు. నాకు మాటమాత్రం చెప్పలేదు. ఊళ్ళో మా అత్తయ్య చూసి ఫోన్ చేస్తే తెలిసింది.

రెండో పత్రిక సంపాదకుడు "మీలాంటి వాళ్ళ వల్లే హామీపత్రాలు అడగాల్సి వస్తోంది" అని రాశారు. ఆయన్ని ఏమనను? ఆయన దగ్గర నా సంతకం ఉంది. దొంగని నేనే. మళ్ళీ ఆ పత్రికకి కథ పంపడానికి మొహం చెల్లలేదు.

వందల కథలొస్తాయి, ఆఫీసులో ఉండేది ఇద్దరో ముగ్గురో, అందరికీ జవాబులెక్కడ రాస్తారు అంటారు. నిజమే. కథ ఎందుకు బాలేదో చెప్పమని నేనడగట్లేదు. మా వృత్తిలో ఎవరైనా చిన్న ఫిర్యాదు పంపినా ఆ క్షణమే ఒక నంబరు వెళ్తుంది, అది తేలేదాకా దాని స్థితి కనిపిస్తూనే ఉంటుంది. అదేం బ్రహ్మవిద్య కాదు, ఒక ఎక్సెల్ షీటు చాలు. రచయితల్లోనూ దొంగలున్నారు, ఒకే కథని నాలుగుచోట్లకి తోసేవాళ్ళున్నారు. హామీపత్రం పుట్టింది అందుకే. కాదనను. కానీ కట్టేసినవాడు ఎప్పుడు విప్పుతాడో కూడా చెప్పాలి కదా!

ఇంకో మాట. సంతకంతో రాతపూర్వకంగా ఇస్తే తప్ప హక్కుల బదిలీ చెల్లదని 1957 నాటి మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. గడువు రాయకపోతే ఆ బదిలీ ఐదేళ్ళకే పరిమితం. "సర్వహక్కులూ మావే" అని ప్రకటనలో ఓ ముక్క వేసుకున్నంత మాత్రాన అయిపోదు.

పోటీలంటే నాకేం చిన్నచూపు లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి రెండో బహుమతి వచ్చిందని ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకుంటాం. పోటీ పేరు చెప్తేనే బద్ధకం వదిలించుకుని కథ పూర్తిచేసే నాబోటి వాళ్ళు బోలెడుమంది.

అందుకే మూడే మూడు అడుగుతున్నాను. కథ అందిందని ఒక్క ముక్క. ఫలానా తేదీ దాటితే కథ మీదే అని ప్రకటనలోనే ఒక వాక్యం. సాధారణ ప్రచురణకి తీసుకునే ముందు ఒక్క మాట. వీటికి పైసా ఖర్చు లేదు.

ఈసారి నా హామీపత్రంలో చివర ఒక వాక్యం చేరుస్తున్నాను: "ఫలితాలు ప్రకటించిన 60 రోజుల్లోగా జవాబు రాకపోతే ఈ హామీ రద్దయినట్టే." కథని చదవకుండానే బుట్టదాఖలు చేస్తారేమో. చెయ్యనివ్వండి. పదిమంది ఇలాగే రాస్తే బుట్ట చాలదు.