ఊరి బడి - ఊరి మాట

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములు మునుపు అనంతపురము జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పటి నుండి అవి ఆ జిల్లాకు చెందినవి. ఇది వానకు మొగము వాచిన సీమ. వేరుసెనగ చేను, పట్టుపురుగుల పెంపకము, చేనేత మగ్గము, గొఱ్ఱెల మంద ఇక్కడివారి బ్రతుకుతెరువులు. ఈ పట్టణముల చుట్టునున్న పల్లెలలో ఒకటి రెండు గదుల చిన్న బడులు పెక్కు కలవు. అట్టి బడిని గూర్చి ఊరివారేమనుకొందురు? వారి మాటకు విలువ యెంత? ఇది ఆలోచింపదగిన విషయము.

ఒకే బడిని గూర్చి అందరి మాట ఒకటిగా నుండదు. కలుపు తీయబోవు తల్లికి బడి దగ్గరగా నుండుటే గొప్ప మేలు. బిడ్డ ఊరిలోనే యుండును. మధ్యాహ్నము ఆకలి తీరును. 2001లో సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన ఆదేశము ననుసరించి, 2003 నుండి రాష్ట్రమందలి ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నము పెట్టుచున్నారు. ఆ తల్లి బడిని మెచ్చుకొనుటకు అన్నము కూడ ఒక కారణమైనచో అందులో తప్పేమియు లేదు. ఆకలిగొన్న బిడ్డకు అక్షరము పట్టుబడదు.

ధర్మవరపు నేతగాని మాట వేరు. తన కాళ్లు మగ్గపు గుంటలో నున్నను, తన కొడుకు కాళ్లు అందులో పెట్టరాదని అతని కోరిక. ఊరి బడిలో ఇంగ్లీషు రాదను భయముతో, అప్పు చేసియైనను పిల్లవానిని పట్టణమునకు పంపజూచును. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచి కడ 2019లో కియా కార్ల కర్మాగారము పనిచేయ నారంభించినది. దానిని నిత్యము చూచు రైతు, "ఈ బడి చదువుతో మా పిల్లలకు అందులో పని దొరకునా?" అని అడుగును. తల్లిదండ్రులు పనికై బెంగుళూరు పోగా, మనుమలను సాకు అవ్వకు పలక మీది వ్రాత తెలియదు. పంతులు మంచివాడా, కాదా అన్నదే ఆమెకు తెలిసిన కొలత.

ఈ మాటలలో ఏవి నిజము? కొన్ని ఫిర్యాదులు ముమ్మాటికి న్యాయమైనవి. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, అరువది మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రము అయిదు. ఒకటవ తరగతివారు అక్షరములు దిద్దుచుండగా అయిదవ తరగతివారు లెక్క కొఱకు కాచుకొని యుండవలెను. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినచో ఆ దినము బడి సగము కుంటుపడును. ఈ లోటును తల్లిదండ్రులెత్తి చూపుట ధర్మమే.

కాని, "చిన్న బడి గనుక చదువు రాదు" అను మాట తర్కమునకు నిలువదు. చిన్న బడిలో ఉపాధ్యాయునికి ప్రతి పిల్లవాని పేరును, ఇల్లును తెలియును. ఒకనాడు రానివాని కొఱకు మఱొక పిల్లవాడు పరుగెత్తి పోవును. పెద్దవారు చిన్నవారికి పాఠము చెప్పుచు తామును గట్టిగా నేర్చుకొందురు. లోటు పిల్లల సంఖ్యలో లేదు. బడిని పట్టించుకొనువారి సంఖ్యలో నున్నది.

ఊరి మాటకు బలమున్నదని ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. 2022లో రాష్ట్ర ప్రభుత్వము మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు చేర్చుటకు ఉత్తర్వు నిచ్చెను. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు దొరకునన్నది ఆ యేర్పాటునకు కారణము. ఆ కారణము త్రోసివేయదగినది కాదు. అయినను, ఎనిమిదేండ్ల బిడ్డ దూరము నడువవలెననియు, వాహనములు తిరుగు బాట దాటవలెననియు తల్లిదండ్రులు పలుచోట్ల అభ్యంతరము చెప్పిరి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి, క్రొత్త పద్ధతి వచ్చినది. ఆ సంవత్సరమే జూలై 10న రాష్ట్రమంతట పాఠశాలలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. ఈ జిల్లాలోని కొత్తచెరువు పాఠశాలకు ముఖ్యమంత్రియే వచ్చెను.

ఒకనాటి సభ మంచిదే. ఏడాది పొడుగున సాగు పని అంతకంటె మంచిది. బడి నడపు సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు చట్టము చెప్పుచున్నది. ఇంత అధికారము చేతనుండియు, అరుగు మీద ఆడిన మాట సభలో ఆడనిచో దానివలన ఫలమేమి? ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చునని సామెత. మందలు కాయు ఈ సీమవారికి దాని అర్థము వేరే చెప్పనక్కరలేదు. ఇక పగటివేళ సభ పెట్టినచో కూలితల్లికి నాటి కూలి పోవును. ఆమె రాలేదని నిందించుటకంటె, సభను సాయంకాలమునకు మార్చుట న్యాయము.

ఈ సీమలో చెరువే ప్రాణము. ధర్మవరము చెరువు పెద్దది, పల్లె కుంట చిన్నది. చిన్నదని ఎవరును కుంటను పూడ్చివేయరు. కట్ట తెగకుండ, తూము పూడకుండ ఊరివారు కాచుకొన్నంత కాలము అది నీరిచ్చును. బడియు నట్టిదే. పట్టణపు బడికి పిల్లలను పంపగలవారు పంపుదురు. పంపలేనివారి బిడ్డలకు ఊరి బడి తప్ప వేరొక దారి లేదు. ఆ బడి మూతపడినచో నష్టము వారిదే.

ఎనిమిదవ తరగతి చదువు పిల్లలకు ఇందులో ఒక పని కలదు. ఇంటిలో చదువురాని అవ్వ యుండవచ్చును. బడి సభ ఎన్నడో, అందేమి తీర్మానించిరో ఆమెకు చదివి వినిపింపవలెను. తెలిసి మాటాడిన అవ్వ మాట సభలో అందరి మాటతో సమానముగా నిలుచును.