డెబ్భై ఎనిమిదో ఏట ద్రాక్షతోట

నాకు నలభై ఆరు నిండాయి. పిహెచ్.డి.లో చేరతానంటే మా అత్తగారు, "ఈ వయసులో నీకెందుకమ్మా ఆ అవస్థ?" అన్నారు. నాకు వెంటనే మే ఎలియాన్ ద లాంక్‌సేన్ గారి సంగతి జ్ఞాపకం వచ్చింది.

1925లో పుట్టిన ఈవిడ ఫ్రాన్సులోని బోర్డోలో ద్రాక్షసారా వర్తకుల ఇంటి ఆడపడుచు. 1978లో పంపకాలప్పుడు పిషోన్ లాలాండ్ తోట ఆవిడ వాటాకొచ్చింది. పాతికేళ్లు దగ్గరుండి చూసుకుని దానికి పేరు తెచ్చారు. ఇక మనుమలతో కాలక్షేపమే అనుకుంటాం కదూ? 2003లో సముద్రాలు దాటి, దక్షిణాఫ్రికాలో స్టెల్లెన్‌బాష్ దగ్గర గ్లెనెల్లీ అనే పండ్లతోట కొని, ద్రాక్ష నాటించారు. అప్పటికావిడకు 78 ఏళ్లు! నాటిన తీగ సారాకు పనికొచ్చే కాపు పట్టడానికే మూడేళ్లు కావాలి.

అంతా విని అత్తగారు, "అయ్యో, సారా వ్యాపారమా!" అన్నారు. మర్నాడు కాలేజీ కాగానే కాకతీయ విశ్వవిద్యాలయానికి వెళ్లి వివరాలు కనుక్కొచ్చాను.