మలుపు దగ్గర తెలిసే తేడా

మన హాస్టల్ అన్నదమ్ములు ఎక్కడ కలిసినా తెగని వాదన ఒకటుంది. నీడ్ ఫర్ స్పీడ్ ఆటల్లో ఏది గొప్పది? పదిమందిలో తొమ్మిదిమంది 2005లో వచ్చిన మోస్ట్ వాంటెడ్ అంటారు. ఎందుకని అడిగితే పోలీసు ఛేజింగులు, వెండి నీలం రంగుల బీఎండబ్ల్యూ అంటారు. కారు మలుపు ఎలా తిరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మేము దాని గురించే రాస్తున్నాం.

2002 నుంచి 2008 దాకా ఈ ఆట ఏటా ఒకటి వచ్చింది. బొమ్మలే కాదు, బండి నడక కూడా మారుతూ వచ్చింది. మోస్ట్ వాంటెడ్‌లో ఎంత వేగంలో ఉన్నా స్పేస్ బార్ కొడితే కారు తిరుగుతుంది. చాలకపోతే కాలాన్నే నెమ్మది చేసే స్పీడ్‌బ్రేకర్ ఉంది. 2006 నాటి కార్బన్‌లో డ్రిఫ్ట్ పందెం వచ్చిందంటే అదే కారు సబ్బు మీద పెట్టినట్టు జారుతుంది. 2007లో ప్రోస్ట్రీట్ వచ్చింది. పోలీసులు లేరు, ఊరి వీధులు లేవు, అంతా ట్రాకే. బ్రేకు ముందే వేయాలి. గుద్దితే బండి పాడవుతుంది. మనవాళ్లు "బండి మాట వినట్లేదురా" అని వదిలేశారు.

వాళ్లను తప్పుపట్టలేం. కాస్మెటిక్ డబ్బుల్లోంచి మిగిల్చి నెట్ సెంటర్లో గంట కొనుక్కున్నవాడికి, ఆ గంటంతా గోడలు గుద్దుతూ నేర్చుకునే తీరిక ఎక్కడిది? పైగా కీబోర్డు. బాణం మీట నొక్కితే మొత్తం తిప్పినట్టు, వదిలితే వదిలినట్టు. కొంచెం తిప్పడమనేదే లేదు. సొంత కంప్యూటరూ, స్టీరింగ్ వీలూ ఉన్న ఇంటి పిల్లవాడికి ప్రోస్ట్రీట్ వేరే ఆట.

అయినా మా ఓటు మోస్ట్ వాంటెడ్‌కు కాదు, 2000 నాటి పోర్షే అన్‌లీష్డ్‌కు. పోర్షే 911కు ఇంజను వెనక ఉంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకు వాలి, వెనక చక్రాల పట్టు తగ్గి, కారు తోక బయటికి తిరుగుతుంది. ఆటలోనూ అంతే. వేగం తగ్గించుకునేది మలుపుకు ముందు, మలుపులో కాదు.

ఇది ఆటకబుర్లేనా? మనలో ఎంతమంది క్యాబులు, ట్రాలీలు నడిపి ఇల్లు నిలబెట్టారో లెక్కేసుకోండి. వానలో ఖాళీ ట్రాలీకి మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే వెనకభాగం ఎలా ఈడ్చుకుపోతుందో వాళ్లనడగండి. అక్కడ స్పీడ్‌బ్రేకర్ మీట ఉండదు.

అందుకే పాత విద్యార్థులకు మా మనవి. ఈసారి చందాల్లోంచి షీల్డులు, శాలువాలు కొంత తగ్గించి, హాస్టల్ కంప్యూటర్‌కు పెడళ్లతో సహా ఒక స్టీరింగ్ వీలు కొనిపెడదాం. పాతదైనా పరవాలేదు. ఆదివారం తలా అరగంట. ఏ ఆట వేయాలన్నది తమ్ముళ్ల ఇష్టం, మోస్ట్ వాంటెడే వేసుకున్నా సరే.