కేబుల్ మీద ఏం రాసుందో చదివి లాగుదాం

సైటులో కేబుల్ డ్రమ్ము దిగిందంటే మనోళ్లకు ముందుగా గుర్తొచ్చేది నడుం నొప్పే. ఇరవై మందిమి వరసగా నిలబడి, ఫోర్‌మన్ ఈల వేయగానే ఒక్కసారిగా లాగుతాం. ఆ నల్లటి తాడు మన అరచేతుల్లోంచే ట్రెంచిలోకి జారుతుంది. దాని ఒంటి మీద మీటరు మీటరుకీ తెల్లటి అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. లాగేవాళ్లలో వాటిని చదివేవాళ్లు తక్కువ. ‘అది ఇంజినీరు చూసుకుంటాడు, మనకెందుకు’ అనుకుంటాం.

మనకెందుకంటే, ఆ కేబుల్ పక్కన పనిచేసేదీ, దాని చివర ఉన్న గదిలో పడుకునేదీ మనమే. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు తగలబడి యాభై దాకా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లే, అందులో ఆంధ్రా బిడ్డలూ ఉన్నారు. కింది అంతస్తులో వాచ్‌మన్ గదిలో కరెంటు షార్టయి మంట పుట్టిందని అక్కడి అగ్నిమాపక శాఖ చెప్పింది. తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాళ్లను మంట కంటే పొగే ఎక్కువగా చంపింది. అందుకని ఈ వారం కేబుళ్ల సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

మామూలుగా సైటుకు వచ్చే కేబుల్ మీద రాత ఇలా ఉంటుంది: 600/1000 వోల్టులు, సీయూ/ఎక్స్ఎల్‌పీఈ/ఎస్‌డబ్ల్యూఏ/పీవీసీ, 4 కోర్ × 16 స్క్వేర్ ఎంఎం, బీఎస్ 5467. ఇంగ్లిషు రాకపోయినా ఈ అక్షరాలు కూడబలుక్కుంటే చాలు. ఉల్లిగడ్డ పొరల్లాగా లోపలి నుంచి బయటికి చదవాలి. సీయూ అంటే రాగి. ఏఎల్ అని ఉంటే అల్యూమినియం. ఎక్స్ఎల్‌పీఈ అనేది ఒక్కో తీగ మీది తొడుగు, మనం ఇన్సులేషన్ అనేది. ఎస్‌డబ్ల్యూఏ అంటే చుట్టూ పేర్చిన ఉక్కు తీగల కవచం. చివరి పీవీసీ బయటి నల్ల తోలు. 600 అన్నది ఫేజుకూ ఎర్తుకూ మధ్య, 1000 అన్నది ఫేజుకూ ఫేజుకూ మధ్య తట్టుకునే వోల్టేజి. 16 స్క్వేర్ ఎంఎం అంటే తీగను అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం. మనం నోటితో ‘పదహారు ఎంఎం కేబుల్’ అంటాం గానీ అది లావు కొలత కాదు. స్కేలు పెట్టి కొలిచి ‘ఇది తప్పు కేబుల్’ అని గొడవపడ్డవాళ్లనూ చూశాం.

ఇన్సులేషన్‌లో రెండు రకాలు తెలిస్తే చాలావరకు పని జరుగుతుంది. పీవీసీ బెల్లం పాకం లాంటిది. ఎన్నిసార్లు వేడి చేస్తే అన్నిసార్లు మెత్తబడుతుంది. లోపలి తీగ 70 డిగ్రీలు దాటకూడదు. ఎక్స్ఎల్‌పీఈ ఉడికిన గుడ్డు లాంటిది. తయారీలోనే దాని లోపలి అల్లికను ముడులు వేసి గట్టిపరుస్తారు కాబట్టి మళ్లీ వేడి తగిలితే కరిగి కారదు. అది 90 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. షార్టు సర్క్యూట్ అయిన ఆ కొద్ది క్షణాల్లో పీవీసీ 160 డిగ్రీల వరకు, ఎక్స్ఎల్‌పీఈ 250 డిగ్రీల వరకు తట్టుకోగలవు.

ఇక ఎండ సంగతి. పుస్తకంలో కేబుల్‌కు రాసే ఆంపియర్లు బ్రిటిష్ పద్ధతిలో 30 డిగ్రీల గాలికి లెక్కగట్టినవి. ఇక్కడ జూలైలో 30 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? మిట్టమధ్యాహ్నం డాబా మీద ట్రేలో పడి ఉన్న కేబుల్ చుట్టూ 50 అనుకోవడమే క్షేమం. ఈ లెక్క చూడండి. 16 స్క్వేర్ ఎంఎం, నాలుగు కోర్ల ఎక్స్ఎల్‌పీఈ ఆర్మర్డ్ కేబుల్ గోడకు క్లిప్పు కొడితే 94 ఆంపియర్లు మోస్తుందని పట్టిక చెబుతుంది. 50 డిగ్రీల గాలిలో దాన్ని 0.82తో గుణించాలి. 77 ఆంపియర్లు మిగులుతాయి. అదే సైజు రాగితో పీవీసీ ఆర్మర్డ్ అయితే మొదటే 77, దాన్ని 0.71తో గుణిస్తే 55కు దిగుతుంది. రాగి ఒక్కటే, లావు ఒక్కటే, తొడుగు మారిందంతే. ఊళ్లో పదేళ్లు వైరింగ్ చేసిన మేస్త్రీ కూడా ఇక్కడ పొరపడేది ఈ దగ్గరే.

ఇంకో కోత కూడా ఉంది. మూడు కేబుళ్లను ఒకదానికొకటి ఆనించి కట్టేస్తే ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది. అప్పుడు మళ్లీ 0.70తో గుణించాలి. పైన మిగిలిన 77 కాస్తా 54 అవుతుంది. చలికాలం లెక్కన 94 అనుకుని వేసిన కేబుల్ ఎండాకాలం అందులో సగానికి కొంచెం పైన మాత్రమే మోస్తుందన్నమాట. ట్రేలో కేబుళ్ల మధ్య ఖాళీ వదలమని సూపర్‌వైజరు చెబితే చాదస్తం అనుకోకండి. టై వేసి అందంగా కట్టలు కట్టేవాళ్లకు సైటులో మంచి పేరొస్తుంది గానీ కేబుల్‌కు ఆ అందం గిట్టదు. 90 డిగ్రీలు ఓర్చే కేబుల్‌ను నిండా వాడుకుందామన్నా, దాని చివర బిగించే బ్రేకర్ల టెర్మినళ్లు చాలావరకు 70 డిగ్రీల లెక్కతో చేసినవే. అందుకే తెలిసిన ఇంజినీరు ఎక్స్ఎల్‌పీఈని కూడా పూర్తిగా పిండుకోడు.

ఇప్పుడు కవచం. ‘ఆర్మర్ ఉంది కదా, కరెంటు ఎక్కువ మోస్తుంది’ అని మనోళ్లలో ఒక నమ్మకం ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ ఉక్కు తీగలకు రెండు పనులు. ఒకటి, గడ్డపార దెబ్బకూ రాయి ఒరిపిడికీ తట్టుకోవడం. రెండోదే అసలైనది. ఎవరో తవ్వుతుంటే గునపం మొన తొడుగును చీల్చుకుని ఫేజు తీగను తాకిందనుకోండి. అంతకంటే ముందు అది ఆర్మర్‌ను తాకి ఉంటుంది. ఆర్మర్ రెండు చివరలా ఎర్తుకు గట్టిగా కలిసి ఉంటే కరెంటు ఆ దారిలో పరుగెత్తి బ్రేకర్ పడిపోతుంది. తవ్వేవాడు బతుకుతాడు. ఎర్తు సరిగా లేకపోతే ఆ ఆర్మరే కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. బ్రేకర్ పడదు. అవతలి చివర దాన్ని ముట్టుకున్నవాడి గతి ఆలోచించండి.

అంటే ప్రాణం కాపాడేది ఆర్మర్ ఒక్కటే కాదు, దాన్ని బిగించే గ్లాండు కూడా. ఇది పూర్తిగా మన చేతి పని, ఏ ఇంజినీరూ పక్కన నిలబడడు. ఉక్కు తీగలన్నీ కోను చుట్టూ విప్పి, ఒక్కటీ తెగకుండా, గ్లాండు లోపల బిగుసుకోవాలి. కొందరు పని తొందరగా అవ్వాలని సగం తీగలు కత్తిరించేస్తారు. బయటికి ఏమీ కనపడదు. రంగు వేసిన పెట్టె రేకు మీద గ్లాండు బిగిస్తే ఆ రంగే కరెంటుకు అడ్డం. అందుకే ఎర్తు ట్యాగు పెట్టి, దాన్నుంచి ఎర్తు బారుకు వైరు లాగాలి. బయట ఎండావానలో ఉండే పెట్టెకు సీడబ్ల్యూ గ్లాండు వాడాలి, అందులో బయటి తొడుగును పట్టుకునే రబ్బరు సీలు ఉంటుంది. బీడబ్ల్యూ గ్లాండుకు ఆ సీలు ఉండదు, గది లోపలికి మాత్రమే. రాగితో పోలిస్తే ఉక్కు కరెంటును బాగా తక్కువ మోస్తుంది కాబట్టి చాలా సైట్లలో కేబుల్ పక్కనే విడిగా ఆకుపచ్చ-పసుపు ఎర్తు వైరు కూడా వేయిస్తారు. అది దండగ ఖర్చు కాదు.

ఒకే కోర్ ఉన్న లావు కేబుల్‌కు ఉక్కు కవచం పనికిరాదు. ఒంటరి తీగలో ఏసీ కరెంటు పారితే చుట్టూ ఉన్న ఉక్కులో అయస్కాంత ప్రభావం వల్ల వేడి పుడుతుంది, కేబుల్ తనకు తానే కాగిపోతుంది. అందుకే సింగిల్ కోర్ మీద ఏడబ్ల్యూఏ అని ఉండాలి, అంటే అల్యూమినియం తీగల కవచం. అవి పెట్టెలోకి దూరే ప్లేటు కూడా ఇనుముది కాకుండా ఇత్తడిదో అల్యూమినియందో ఉండాలి.

రంగుల దగ్గర మాత్రం ప్రతి ఒక్కరూ ఆగి చదవండి. ఊళ్లో మన చేతికి అలవాటైంది ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. బ్రిటన్ కూడా ఒకప్పుడు అదే పాటించేది. 2004లో కొత్త రంగులకు మొదలుపెట్టి 2006 ఏప్రిల్ నుంచి అవే తప్పనిసరి చేసింది. కొత్త పద్ధతిలో గోధుమ రంగు, నలుపు, బూడిద రంగు ఫేజులు, నీలం న్యూట్రల్. తేడా గమనించారా? మనం న్యూట్రల్ అనుకునే నలుపు అక్కడ ఫేజు, మనం ఫేజు అనుకునే నీలం అక్కడ న్యూట్రల్. గల్ఫ్ సైట్లలో పాత బిల్డింగుకు కొత్త కేబుల్ అతికే చోట ఈ రెండు పద్ధతులూ ఒకే పెట్టెలో ఎదురుపడతాయి. రంగు చూసి నమ్మొద్దు. కరెంటు ఆపి, తాళం వేసి, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టాలి. టెస్టరు స్క్రూడ్రైవరు మీద ప్రాణం పందెం కాయకండి.

దూరం కూడా కేబుల్ సైజును మారుస్తుంది. క్యాంపులో చివరి పోర్టా క్యాబిన్‌లో ఏసీ గురగురమని ఆగిపోతుంటే మెకానిక్ గ్యాసు చూస్తాడు. ఒక్కోసారి జబ్బు గ్యాసుది కాదు, కేబుల్‌ది. పైన చెప్పిన 16 స్క్వేర్ ఎంఎం కేబుల్ మూడు ఫేజుల మీద ఒక్కో ఆంపియరుకు, ఒక్కో మీటరుకు 2.5 మిల్లీవోల్టులు పోగొడుతుంది. 60 ఆంపియర్లు, 200 మీటర్లు అయితే 30 వోల్టులు దారిలోనే పోయినట్టు. 400 వోల్టుల్లో అది ఏడున్నర శాతం. బ్రిటిష్ నియమం అయిదు శాతం లోపే అంటుంది. 25 వేస్తే 20 వోల్టులకు దిగి అంచున నిలుస్తుంది, 35 వేస్తే 14తో నిశ్చింత. మోయగలదా అన్న లెక్కకు 16 సరిపోయినా దూరం లెక్కకు సరిపోలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాం. ఆర్మర్డ్ కేబుల్‌ను కుర్ర కొమ్మలా వంచకూడదు. వంపు వ్యాసార్ధం కేబుల్ లావుకు ఎనిమిది రెట్లకు తగ్గకుండా చూడండి, తయారీ కంపెనీ కాగితంలో ఇంకా ఎక్కువ ఉంటే అదే పాటించాలి. అటూ ఇటూ కదిలించే మిషన్లకు ఆర్మర్డ్ వద్దు, రబ్బరు తొడుగున్న ఫ్లెక్సిబుల్ కేబుల్ కావాలి. అల్యూమినియం తీగకు రాగి లగ్గు నేరుగా కొట్టొద్దు, రెండు లోహాల లగ్గు దొరుకుతుంది. తొడుగు వలిచిన కోర్లను ఎండలో అలా వదిలేయొద్దు, కొన్నేళ్లకు పెంకులా రాలిపోతాయి. జనం నిద్రపోయే బిల్డింగుల లోపల ఎల్‌ఎస్‌జెడ్‌హెచ్ అని రాసిన కేబుల్ మేలు. ఆర్మర్డ్‌లో దాని నంబరు బీఎస్ 6724. పీవీసీ కాలితే దట్టమైన నల్లటి పొగతో పాటు గొంతు కోసే ఆమ్లపు గాలి వస్తుంది. ఇది కాలితే పొగ తక్కువ, ఆ ఆమ్లపు గాలి రాదు. మంగాఫ్ తర్వాత ఈ నాలుగు అక్షరాలను మేము చిన్నచూపు చూడలేం.

ఇక మన గది. రాసే ఆంపియర్లన్నీ లెక్క కట్టి సైటులో పనిచేసి వచ్చి, రాత్రి గదిలో పది దిర్హాముల ఎక్స్‌టెన్షన్ మీద ఇండక్షన్ పొయ్యి పెడతాం. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఆ వైరు మీద 0.75 అని రాసుంటే అది మోసేది 6 ఆంపియర్లు. దాని ప్లగ్గులో మాత్రం 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అంటే ఫ్యూజు పోకముందే వైరు కాలుతుంది. పొయ్యికీ ఇస్త్రీ పెట్టెకూ 1.5 స్క్వేర్ ఎంఎం వైరు కావాలి. కొనేటప్పుడు వైరు చివర కాస్త గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రేటు తక్కువకు ఇచ్చేది అందుకే. చుట్ట విప్పకుండా మంచం కింద తోసేసిన వైరు ఇంకా త్వరగా కాగుతుంది. గది డీబీలో ఈఎల్‌సీబీ ఉందో లేదో చూడండి, టెస్టు బటను నొక్కితే అది పడాలి. పడకపోతే, అసలే లేకపోతే, నలుగురూ కలిసి క్యాంపు బాస్‌కు కాగితం రాసి ఇచ్చి దాని ఫోటో దగ్గర పెట్టుకోండి. డీబీ మూత మాత్రం మీరు తెరవొద్దు, పర్మిటు ఉన్న ఎలక్ట్రీషియనే తెరవాలి.

సైటులో డ్రాయింగులో ఒక రకం రాసి, దిగింది ఇంకో రకం అయితే ఏం చేయాలని హెల్పర్ తమ్ముళ్లు అడుగుతుంటారు. ఫోర్‌మన్‌తో వాదన పెట్టుకోకండి. కేబుల్ మీది రాతను సెల్‌తో ఫోటో తీసి ‘సార్, డ్రాయింగులో ఎక్స్ఎల్‌పీఈ 25 ఉంది, డ్రమ్ము మీద పీవీసీ 16 ఉంది, లాగమంటారా?’ అని ఒక్క మెసేజి పెట్టండి. చాలాసార్లు డ్రమ్ము తిరిగి స్టోరుకు పోతుంది. పోకపోయినా, రేపు ఏదైనా జరిగితే తప్పు లాగినవాడి నెత్తిన పడకుండా ఆ మెసేజి ఉంటుంది.

వచ్చే వారం: గ్లాండు బిగించేటప్పుడు తీగలు తెగకుండా తొడుగు ఎలా వలవాలో, మెగ్గర్ రీడింగు ఎలా చదవాలో.